మిషను కాళ్ళ గుర్తులు

ఆ వేసవిలో మా ఇంట్లో రెండు పనులు ఒకేసారి జరిగాయి. మేము ముగ్గురం కలిసి ఒక చిన్న సినిమా తీశాం. మా అమ్మ ఇల్లు విడిచి వేరే గదికి వెళ్ళిపోయింది. రెండూ నా కళ్ళెదుటే జరిగాయి. పైగా ఆ ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో కనిపెట్టుకుని ఉండడమే ఆ వేసవంతా నా పని. అయినా నాకు తెలియలేదంటే నన్ను నేనేమనుకోవాలో ఇప్పటికీ అర్థం కాదు.

మాది సినిమా తీయడం నేర్పే కోర్సు. ఆఖరి సంవత్సరంలో ముగ్గురేసి జట్టు కట్టి, పది నిమిషాల సినిమా ఒకటి తీసి చూపిస్తేనే పట్టా ఇస్తారు. మా జట్టుకి డైరెక్టరు నా స్నేహితురాలు. షాటు ఎంత బాగా వచ్చినా “వన్ మోర్” అనకుండా ఊరుకోదు కాబట్టి ఆమె పేరే వన్‌మోర్ అయి కూర్చుంది. కెమెరా మా పొడుగుది. పేరుకు తగ్గ మనిషి. మా ఇంటి గుమ్మం ఆ వేసవిలో అతని నుదుటిని పలకరించని రోజు లేదు. మిగిలిన చాకిరీ అంతా నాది. మైకు పట్టుకోవడం, హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినడం, కంటిన్యుటీ చూడడం.

కంటిన్యుటీ అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. సినిమాలో కథ ఒక్క మధ్యాహ్నం జరుగుతుంది, దాన్ని తీయడానికి వారాలు పడతాయి. మొదటి రోజు కప్పు చెవి కిటికీ వైపు ఉంటే ఆఖరి రోజు కూడా కిటికీ వైపే ఉండాలి. కుర్చీ బెత్తెడు జరిగినా, మనిషి చొక్కా మడత మారినా చూసేవాళ్ళకి తెలిసిపోతుంది. అందుకని మొదటి రోజే గదినంతా ఫోనులో ఫొటోలు తీసిపెట్టుకున్నాను. అమ్మ కుట్టుమిషను కాళ్ళ చుట్టూ, కుర్చీ కాళ్ళ చుట్టూ, నటులు నిలబడాల్సిన చోట నేల మీద తెల్ల టేపు ముక్కలు అంటించాను.

నటులంటే ఎవరో కాదు, మా అమ్మా నాన్నే. ఊరికే నటించి పెట్టే పెద్దవాళ్ళు మాకు ఇంకెవరు దొరుకుతారు? నాన్న ఫ్రిజ్‌లు, కూలర్లు బాగుచేస్తాడు. అమ్మ బట్టలు కుడుతుంది, ముందుగదిలో కిటికీ పక్కన కాళ్ళతో తొక్కే ఇనుప మిషను మీద. మా కథ కూడా ఇంచుమించు అదే. భార్య మిషను కుడుతూ ఉంటుంది. భర్త ఏదో చెప్పాలని పని మానుకుని ఇంటికి వస్తాడు. “ఏంటి, ఇవాళ తొందరగా వచ్చారు?” అంటుందామె. “ఊరికే” అంటాడతను. చెప్పలేక, టీ తాగి వెళ్ళిపోతాడు. అంతే సినిమా.

మొదటి రోజు కథ చెప్పినప్పుడు నాన్న శ్రద్ధగా విన్నాడు. అయిపోయాక అడిగాడు.

“ఇంతకీ నేనేం చెప్పాలని వచ్చానమ్మా?”

“అది మీరు చెప్పరంకుల్. అదే మన సినిమా” అంది వన్‌మోర్.

“చెప్పను, సరే. నాకైనా తెలియాలిగా?”

వన్‌మోర్ చేతిలోని కాగితాలు తిరగేసింది. ఆ సంగతి ఆమె కూడా ఆలోచించలేదు. “ప్రేక్షకులకే వదిలేద్దాం అంకుల్” అంది చివరికి.

మిషను మీద సూదిలోకి దారం ఎక్కిస్తున్న అమ్మ తల ఎత్తకుండానే నవ్వింది. “ఏం చెప్పాలో తెలియకుండా ఇంటికి రావడం మీ అంకుల్‌కి కొత్తేం కాదులే. చక్కగా చేస్తారు.”

మేము పగలబడి నవ్వాం. నాన్న కూడా నవ్వాడనే నాకు గుర్తు.

కిటికీలోంచి వెలుగు మిషను మీద పడేది మధ్యాహ్నం గంటసేపే. అందుకని నాన్న రోజూ ఆ వేళకి పని వదిలేసి ఇంటికొచ్చేవాడు. ఎండాకాలం అంటే ఊరందరి ఫ్రిజ్‌లూ ఒక్కసారి మూలపడే కాలం. ఫోను మోగుతూనే ఉండేది. అయినా ఒక్క రోజు కూడా రానని అనలేదు. మా నాన్నకి సినిమా పిచ్చి ఇంతుందా అని నేను ఆశ్చర్యపోయాను తప్ప, ఇంకేమీ అనుకోలేదు.

మొదట కనపడకుండా పోయింది అమ్మ పెద్ద కత్తెర. ఫొటోలో మిషను బల్ల మీద కుడివైపు, నోరు తెరిచి ఉంటుంది. వారం తిరిగేసరికి అక్కడ చిన్న కత్తెర ఉంది.

“పెద్దది ఏదమ్మా?”

“ఎక్కడో పెట్టాను.”

“అది లేకపోతే షాటు కలవదు. రేపటికి కావాలి.”

“ఉంటుందిలే” అంది. మర్నాడు ఉంది.

తర్వాత బొత్తాల డబ్బా పోయింది. ఈసారి నా అనుమానం పొడుగు మీదికి వెళ్ళింది. ఇంట్లో చేతికందినదల్లా పట్టుకుని తిప్పడం, ఎక్కడో పెట్టి మర్చిపోవడం అతని అలవాటు.

“నిజం చెప్పు, డబ్బా నువ్వే తీశావు కదూ?”

“నేనెందుకు తీస్తాను? బొత్తాలు తింటానా?”

“నువ్వు తినని వస్తువేదో చెప్పు.”

పొడుగుకి రోషం వచ్చి ఆ పూట నాతో మాట్లాడలేదు. మర్నాడు డబ్బా యథాస్థానంలో కనపడేసరికి నా వాటా బిస్కెట్లు కూడా లాక్కుని తిని కసి తీర్చుకున్నాడు. డబ్బా ఎలా వచ్చిందని ఇద్దరం తల గోక్కున్నాం. ఆ తర్వాత గోడ మీది అద్దం. అది ఉండే చోట గోడ మీద చతురస్రంగా లేత మచ్చ మిగిలింది. అద్దం పగిలేలా ఉందని తీశానంది అమ్మ. రేపటికి కావాలన్నాను. రేపటికి వచ్చింది. పగులు మాత్రం ఎంత వెతికినా నాకు కనపడలేదు. కనపడకపోవడమే మంచిదనుకున్నాను, కెమెరాలో పడుతుంది కదా మరి.

అమ్మా నాన్నా నటిస్తుంటే చూడడం విచిత్రంగా ఉండేది. మామూలుగా వాళ్ళిద్దరి మధ్యా మాటలు తక్కువ. ఉప్పు అందించు, కరెంటు బిల్లు వచ్చింది, తాళం ఎక్కడ పెట్టారు. అంతే. అలాంటిది వన్‌మోర్ పుణ్యమా అని అమ్మ రోజుకి పదిసార్లు తలెత్తి నాన్న మొహంలోకి చూసి “ఏంటి, ఇవాళ తొందరగా వచ్చారు?” అని అడిగేది. నాన్న పదిసార్లూ “ఊరికే” అనేవాడు. హెడ్‌ఫోన్లలో నాకు ఆ రెండు ముక్కల మధ్య ఉన్న ఖాళీ కూడా వినపడేది. ఒక్కో టేకులో ఒక్కోలా ఉండేది. ఒకసారి అమ్మ అడగడంలో నిజంగానే ఏదో ఆశ వినపడింది. నాన్న చాలాసేపు ఆగాడు. “ఊరికే” అన్నాడు. వన్‌మోర్ వన్ మోర్ అంది.

ఒకరోజు మధ్యాహ్నం మేము సామాన్లతో ఇంటికి వచ్చేసరికి మిషనే లేదు.

కిటికీ పక్కన ఖాళీ నేల, నాలుగు మూలలా నేనంటించిన టేపు ముక్కలు. వన్‌మోర్ ఉన్నచోటే కూలబడి తల పట్టుకుంది. “కొంప మునిగింది” అన్నాడు పొడుగు.

“రిపేరుకిచ్చాను” అంది అమ్మ వంటింట్లోంచి.

“నాన్న ఇంట్లో ఉండగా బయట రిపేరేంటమ్మా?”

“మీ నాన్న బాగుచేసేది ఫ్రిజ్‌లు.”

అది అబద్ధం. ఆ మిషనుకి నూనె వేసినా, బెల్టు మార్చినా నాన్నే. అప్పటికే సినిమా చొక్కా వేసుకుని వచ్చిన నాన్న గుమ్మంలో తన గుర్తు మీద నిలబడి ఉన్నాడు. ఏమైనా అంటాడేమోనని చూశాను. తన బూట్లని చూసుకుంటున్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. “మీ ఇద్దరికీ ఎంత చెప్పినా గోడకి చెప్పినట్టే ఉంది! ఒక వస్తువు కదిలితే మొత్తం పోతుంది. నా పట్టా పోతుంది. వీళ్ళిద్దరి పట్టాలూ పోతాయి. ఇంట్లో ఒక్క నెల అన్నీ ఉన్నచోట ఉండడం అంత కష్టమా?”

అమ్మ తడి చేతులు తుడుచుకుంటూ ముందుగదిలోకి వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

“ఇంకా ఎన్నాళ్ళు పడుతుంది?”

“ఇంకొన్ని షాట్లే.”

“సరిగ్గా చెప్పు.”

“నెలాఖరుకి అయిపోతుంది.”

“నెలాఖరు దాకా ఏదీ కదలకూడదు. అంతేగా?”

“అంతే.”

అమ్మ నాన్న వైపు చూసింది. నాన్న తల ఊపాడు. వాళ్ళిద్దరూ ఒక సంగతి మీద అంత తేలిగ్గా ఒప్పుకోవడం నేనెన్నడూ చూడలేదు. నా కోపానికి భయపడ్డారని కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

మర్నాడు ఉదయం మిషను ఒక బండి మీద వచ్చింది. నాన్న అప్పటికే పనికి వెళ్ళిపోయాడు. బండివాడు ఒక పక్క, అమ్మ ఒక పక్క పట్టి లోపలికి మోశారు. దింపేటప్పుడు అమ్మ నడుం పట్టేసింది. మధ్యాహ్నం కుడుతూ కుడుతూ ఎడమ చెయ్యి నడుం మీద పెట్టుకునేది.

“చెయ్యి తియ్యమ్మా. మొన్నటి షాటులో లేదు” అన్నాను.

తీసింది. నాన్న గుమ్మంలోంచి చూస్తూనే ఉన్నాడు.

ఇంకొకటి కూడా ఉంది. మిషను ముందుకాలికి లేత ఆకుపచ్చ రంగు అంటుకుని ఉంది, కొత్తగా వేసిన గోడకి రాసుకున్నట్టు. మా ఇంట్లో ఆ రంగు గోడ లేదు. నేను చూశాను. ఫొటోతో పోల్చాను. మొదటి రోజు లేదు. వెంటనే గుడ్డ తడిపి కూర్చుని, గోటితో గీకి, మచ్చ లేకుండా తుడిచేశాను. ఎక్కడి రంగని అడగాలని నాకు తోచనే లేదు. షాటు కలిసింది, నేను నిమ్మళంగా లేచాను.

ఆఖరి షాటు చాలా చిన్నది. భర్త టీ తాగి కప్పు పెడతాడు. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి చూస్తాడు. ఏదో చెప్పబోయి మానేసి వెళ్ళిపోతాడు. భార్య కుడుతూనే ఉంటుంది. వన్‌మోర్ తన పేరు నిలబెట్టుకుంటూ దాన్ని మళ్ళీ మళ్ళీ తీయించింది. “అంకుల్, ఇంకొంచెం బరువుగా”, “అంకుల్, నోటిదాకా వచ్చినట్టు.” వెలుగు జారిపోతోంది. నాన్న నుదుటి నిండా చెమట.

ఇదే ఆఖరుది అన్నాక నాన్న మళ్ళీ వచ్చాడు. కప్పు పెట్టాడు, చెవి కిటికీ వైపు. గుమ్మం దగ్గర తన గుర్తు మీద ఆగాడు. వెనక్కి తిరిగాడు. చాలాసేపు చూశాడు.

“మిషను నువ్వెత్తకు” అన్నాడు. “నేను తెచ్చి దింపుతాను.”

హెడ్‌ఫోన్లలో మిషను చక్రం తిరుగుతూ తిరుగుతూ ఆగిపోవడం విన్నాను. అమ్మ ఊపిరి ఒకటి విన్నాను. నాన్న వెళ్ళిపోయాడు. వన్‌మోర్ కాసేపు కట్ చెప్పడం మర్చిపోయింది. చెప్పాక మాత్రం గంతులేసింది. “ఇదే! అంకుల్ ఎంత బాగా చేశారో! అసలు నాకెందుకు తట్టలేదు ఆ డైలాగు?” ఆమె వన్ మోర్ అనని షాటు మొత్తం సినిమాలో అదొక్కటే.

నేను పెరట్లోకి పరిగెత్తాను. నాన్న కుళాయి దగ్గర మొహం కడుక్కుంటున్నాడు.

“నాన్నా, ఆ మాట ఎక్కడిది?”

“ఏ మాట?”

“మిషను ఎత్తొద్దన్నావు.”

“బరువు కదా” అన్నాడు, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని.

వన్‌మోర్, పొడుగు సామాన్లు సర్దుకుని వెళ్ళాక అమ్మ నన్ను పిలిచింది. “ఇంక మిషను మీ ఫ్రేములో అక్కర్లేదుగా?”

“అక్కర్లేదు.”

“అద్దం? డబ్బా?”

“ఏదీ అక్కర్లేదమ్మా. అయిపోయింది.”

“అయితే కూర్చో” అంది.

రెండు వీధుల అవతల, ఒక మందుల కొట్టు పైన గది తీసుకున్నానని చెప్పింది. వేసవికి ముందే తీసుకుందట. కొంచెం కొంచెంగా సామాను చేరవేస్తుంటే నేను కొంచెం కొంచెంగా వెనక్కి తెప్పించానట. ఆ మాట అంటూ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

“నాన్న ఏం చేశాడు?”

“ఏమీ చెయ్యలేదు.”

“మరి?”

“అదేనే. నాకు మీ నాన్న మీద కోపం లేదు. ఉంటే చెప్పుకోవడం తేలికయ్యేది. ఆయన్ని నేనొకటి అడిగితే జవాబు కూడా నేనే చెప్పుకోవాలి. ఇన్నేళ్ళూ ఇద్దరి మాటలూ నేనే మాట్లాడాను. ఒక్కదాన్నే ఉంటే, పోనీ, ఒక్కదాన్నేలే అనుకుంటాను.”

“వెళ్ళిపోతానని చెప్పావా?”

“చెప్పాను.”

“ఏమన్నాడు?”

“సరే అన్నాడు.”

నాకు ఏడుపు రాలేదు. కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియక, లేచి, గోడకున్న అద్దం వంకరగా ఉందని సరిచేశాను. మర్నాడు దాన్ని తీసేస్తారని గుర్తొచ్చింది.

అన్న మాట ప్రకారం నాన్నే మిషను మోశాడు. మెట్ల మీద ఎక్కడా అమ్మని చెయ్యి వెయ్యనివ్వలేదు. ఆ గది గోడలు లేత ఆకుపచ్చ. నా ఫొటోల్లోని వస్తువులన్నీ అక్కడికి చేరాయి, నాకు అలవాటు లేని వరుసలో. నాన్న మిషనుని కిటికీ పక్కన సరిగ్గా మా ఇంట్లో ఉన్నట్టే ఓరగా పెట్టాడు. “ఇక్కడ వెలుగు ఆ పక్కనుంచి వస్తుందండీ” అంది అమ్మ. నాన్న ఇటు తిప్పి పెట్టాడు.

కాలేజీలో సినిమా చూపించిన రోజున మా మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మిగతాదంతా ఫర్వాలేదు గానీ ఆ ఆఖరి మాట ఎవరు రాశారని అడిగారు. మిషను అంటే సంసారభారమని, దాన్ని పంచుకుంటానని భర్త ఒప్పుకోవడమే కథ అని ఆయనే చాలాసేపు వివరించారు. వన్‌మోర్ నా వైపు చూసింది. నేను నేల చూపులు చూశాను.

“ఎవరూ రాయలేదు సార్. వాళ్ళ నాన్నగారు అప్పటికప్పుడు అనేశారు” అన్నాడు పొడుగు.

తర్వాత ఒక్కొక్కరినీ విడిగా పిలిచి, ఈ సినిమా వల్ల ఏం నేర్చుకున్నావని అడిగారు. వన్‌మోర్ నటుల చేత పని చేయించుకోవడం నేర్చుకున్నానని చెప్పిందట. పొడుగు సహజమైన వెలుగుతో తీయడం అన్నాడట. నా వంతు వచ్చింది.

“ఒక గదిలో ఏది కదిలినా కనిపెట్టగలను సార్” అన్నాను.

“చాలా మంచి నైపుణ్యం.”

“ఎందుకు కదిలిందో మాత్రం తెలియదు సార్.”

“అది మీ డిపార్ట్‌మెంటు కాదుగా” అని నవ్వి, మంచి మార్కులే వేశారు. అది ఎవరి డిపార్ట్‌మెంటో అడుగుదామనుకుని మానేశాను.

నేను రాత్రులు నాన్న దగ్గర, పగలు అమ్మ దగ్గర అన్నట్టుగా తిరుగుతున్నాను. ఇక్కడ మర్చిపోయిన దువ్వెన అక్కడ వెతుక్కుంటాను. ఒక ఆదివారం నేల మీది టేపు ముక్కలు పీకేద్దామని కూర్చుంటే నాన్న వచ్చి నిలబడ్డాడు.

“ఉండనీ.”

“ఎందుకు నాన్నా? సినిమా అయిపోయిందిగా.”

“తెలుసు” అన్నాడు. “ఉంటే ఏం పోయింది?”

కిటికీ పక్క అంత చోటు ఖాళీగా ఉన్నా నాన్న అక్కడ కుర్చీ వెయ్యడు, చెప్పులు విడవడు. ఊడుస్తున్నప్పుడు చీపురు కూడా ఆ నాలుగు గుర్తుల చుట్టూ తిప్పుతాడు. అది ఎదురుచూపో, అలవాటో నాకు తెలియదు. అడిగితే ఊరికే అంటాడు.

మొదటి వానలు పడ్డాక ఒకరోజు అమ్మ తన ఇస్త్రీపెట్టె కోసం వచ్చింది. ఆ వేళలో నాన్న ఉండడని తెలిసే వచ్చింది. పెట్టె చేత్తో పట్టుకుని, వెళ్ళబోతూ కిటికీ దగ్గర ఆగి, టేపు ముక్కల వైపు చూస్తూ ఉండిపోయింది. “ఇవింకా తియ్యలేదేమే?” అంటుండగానే తలుపు చప్పుడైంది.

నాన్న. చొక్కా భుజాలు తడిసి ఉన్నాయి. గుమ్మంలో, తన గుర్తు మీద, ఆగిపోయాడు.

అమ్మ తలెత్తింది. “ఏంటి, ఇవాళ తొందరగా వచ్చారు?”

అది నోటికి అలవాటైన డైలాగో, నిజంగా అడిగిందో నాకు అంతుపట్టలేదు. అమ్మకి కూడా తెలిసినట్టు లేదు. అన్నాక పెదవి కొరుక్కుంది. నా చెవులకి హెడ్‌ఫోన్లు లేవు గానీ ఆ ఖాళీ మళ్ళీ వినపడింది.

“ఊరికే” అన్నాడు నాన్న.

అమ్మ చూపు దించుకుని, ఇస్త్రీపెట్టె తీగ చేతికి చుట్టుకోవడం మొదలుపెట్టింది. నాన్న గుర్తు మీంచి కదల్లేదు. పక్కకి జరిగి దారి ఇవ్వలేదు.

“ఊరికే కాదు” అన్నాడు. “నువ్వొచ్చావని ఇది ఫోను చేసింది.”

నిజమే, చేశాను. ఎందుకు చేశానో నాకే తెలియదు. అమ్మ నా వైపు ఉరిమి చూసింది.

“కూర్చో. టీ పెడతాను” అన్నాడు నాన్న.

టీ పెట్టడం మా సినిమాలో భార్య పని. నాన్న మా వంటింట్లో పొయ్యి వెలిగించగా నేనెప్పుడూ చూడలేదు. అమ్మ కూర్చోలేదు. వెళ్ళనూ లేదు. లోపల గిన్నెలు అన్నీ కదులుతున్న చప్పుడు, టీపొడి డబ్బా కోసం ఒక్కో మూతా తీసి పెడుతున్న చప్పుడు వినపడుతోంది.

“పై అరలో ఎడమవైపు” అని కేకేసింది అమ్మ, ఇస్త్రీపెట్టె కింద పెడుతూ.